స్లీపరు చెక్క, బి.ఎ. పాసైన భుజం

ఆ రోజుల్లో నిరుద్యోగం అంటే ఒక మహాకావ్యం. యుద్ధాలు, శాపాలు, చివర పట్టాభిషేకం, అన్నీ పెట్టి రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే నా దగ్గరున్నవి ఒక రైలు స్లీపరు చెక్క, వాచిన బొటనవేలు. అవే చెబుతాను.

రాష్ట్రం ఏర్పడి పట్టుమని పన్నెండేళ్లు కాలేదు. రాజధాని హైదరాబాదు వెళ్లినప్పుడు ఉద్యోగాలూ అదే రైలెక్కేశాయని మా నాన్న అనేవాడు. నేను విజయనగరంలో బి.ఎ. పాసై, శృంగవరపుకోట పక్కనున్న మా ఊళ్లో రెండేళ్లుగా అరుగుకి కాపలా కాస్తున్నాను. (జీతం లేదు గాని సెలవులు బోలెడు.) ఆ ఏడు చోడి పంట ఎండిపోయింది. ఇంట్లోకి ఒక్క జీతమైనా రాకపోతే కోడెల జత నిలవదని నాన్న తేల్చేశాడు.

అక్క మొగుడు, మా బావ, కొత్తవలస దగ్గర రైలు లైను పనిలో కూలీ. "ఒరే, బీయే అని నోరు జారకు. సదువుకున్నోడు రెండో రోజుకే అర్జీ రాస్తాడని మా మేస్త్రీకి బయం. అడిగితే రెండో కలాసు వరకే సదివానను" అన్నాడు. అరచేతులు మొరటుగా కనబడాలని వారం రోజులు నూతిలో నీళ్లు తోడాను. చేతులు బొబ్బలెక్కితే, అమ్మే ముద్దలు కలిపి పెట్టింది. (కష్టజీవి అవతారం అలా మొదలైంది.)

పరీక్ష ఒక్కటే: నలుగురం కలిసి, పట్టాల కింద పరిచే స్లీపరు చెక్క ఎత్తడం. ఒకడు పాట అందుకుంటాడు, "హైలెస్సా" పూర్తయ్యాకే అందరూ ఒక్కసారిగా ఎత్తాలి. అది అక్కడ పుట్టుకతో వచ్చే విద్య, అందుకే బావ నాకు చెప్పలేదు. ఉత్సాహం చూపిద్దామని నేను పాట సగంలోనే ఎత్తేశాను. చెక్క జారి నా కాలి బొటనవేలి మీదే కూర్చుంది.

మేస్త్రీ నింపాదిగా వచ్చాడు. "ఏటి సదివావు బాబూ?"

"రెండో కలాసండీ."

"అబద్దమాడకు. రెండో కలాసోడు పాటంతా ఇని ఎత్తుతాడు. సగం ఇని అంతా తెలిసిపోయిందనుకునేది బీయేవోలే!"

"బీయే కాదు మేస్త్రీ, ఈడు ఉట్టి ఎర్రిబాగులోడు!" అన్నాడు బావ, నన్ను కాపాడదామని.

"రెండూ ఒకటే గదేటి?"

రెండేళ్లలో నా డిగ్రీని గుర్తించిన మొదటి మనిషి ఆయనే.

పని దొరక్క, కుంటుకుంటూ ఇల్లు చేరాను. ఆ తర్వాతి సంతలో కోడెలు అమ్ముడైపోయాయి. బొబ్బలెక్కిన అరచేతుల్ని రోజుకి పదిసార్లు చూసుకుని మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఇంతా చేసి, అక్కడ పని ఆ వారం శనివారంతోనే అయిపోయింది. బావతో సహా అందర్నీ ఇంటికి పంపేశారు.