శిలాఫలకం చూసి తిరిగిన ఇళ్లు

సైదులు మేస్త్రి కట్టిన గోడకు తూకం గుండు వేసి చూస్తే వెంట్రుకవాసి కూడా పక్కకు పోదు. నరసరావుపేట శివారులో ఆ వీధి వీధంతా అతని చేతుల మీద లేచిందే. అందుకే ఇళ్ల సంగతి వస్తే అక్కడ అతను అన్నదే మాట. ఆ మాటే చివరికి కొంప ముంచింది. అదీ ఎవరి కొంపో కాదు, సొంత చెల్లెలు గంగమ్మది.

గంగమ్మ జాకెట్లు కుడుతుంది. మొగుడు క్వారీలో నడుము విరగ్గొట్టుకుని మంచాన పడ్డాక ఆ ఇంటికి కుట్టుమిషనే ఆధారం. ముప్పై ఏళ్లుగా ఆ మిషను తూర్పు గుమ్మం పక్కనే ఉండేది. పొద్దెక్కే వెలుతురు నేరుగా సూది మీద పడేది. యాభై దాటాక ఆమెకు చూపు మందగించింది. లైటు కింద నల్లగుడ్డ మీద నల్లదారం ఎంత చూసినా కనపడదు. పగటి వెలుతురు ఉంటేనే కుట్టు, కుట్టు ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

మూడేళ్ల కిందట ఆ ఇళ్ల వెనక, పడమటి చేలల్లో స్టేడియం కడతామన్నారు. పెద్దలు కార్లలో దిగారు, కొబ్బరికాయలు కొట్టారు, పేర్లు చెక్కిన శిలాఫలకం నిలబెట్టారు. అది సరిగ్గా గంగమ్మ పెరటి గోడకు ఎదురుగా వచ్చింది. అందరూ వెళ్లిపోయాక సైదులు ఆ రాయి చుట్టూ రెండుసార్లు తిరిగి, వీధివాళ్లను పిలిచి తీర్పు చెప్పేశాడు. తాను బడి కట్టినా, బస్టాండు కట్టినా శిలాఫలకం ఎప్పుడూ గేటు పక్కనే ఉండటం చూశానన్నాడు. అంతటి పెద్దలు తమ పేర్లు తీసుకెళ్లి దొడ్డివైపు పెట్టుకుంటారా అని అడిగాడు. గేటు ఇక్కడే, రోడ్డు ఇక్కడే, జనమూ ఇక్కడే! కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

అంతే, అయిదిళ్లవాళ్లు ఇళ్లను వెనక్కి తిప్పుకున్నారు. తూర్పున సందులోకి ఉన్న గుమ్మాలు ఇటుకలతో మూసేశారు. పడమట పెరటి గోడలు పడగొట్టి అద్దాల ఎలివేషన్లు, షట్టర్లు పెట్టారు. ఆటగాళ్లకు అద్దెకిస్తానని వాళ్లలో ఏసయ్య ఇంటిపైన నాలుగు గదులు లేపాడు. ఆ పక్కింటాయన మ్యాచ్ చూడటానికని డాబా మీద మెట్లు మెట్లుగా గ్యాలరీయే కట్టించుకున్నాడు. ఎంత పిచ్చి! సందువైపు నాపరాతి అరుగులు పోయి వాటి చోట బాత్రూములు వచ్చాయి. గుమ్మం పడమటికి పోతే బాత్రూము తూర్పుకే కదా పోవాలి. కొన్నాళ్లకు సందు అవతలి ఐజాజ్ తన వాకిట్లో పదడుగుల గోడ కట్టించుకుంటే, ఆ పనికీ సైదులే వెళ్లాడు. అంతెత్తు గోడ ఎందుకని అడగాలని కూడా అతనికి తోచలేదు.

గంగమ్మ మాత్రం వారం రోజులు ఒప్పుకోలేదు. అది నాన్న పూజ చేసి నిలబెట్టిన ద్వారబంధం అంది, తన సూదికి వెలుతురు అక్కణ్నుంచే వస్తుందని బతిమాలింది. సైదులు విసుక్కున్నాడు. పడమట గోడంత కిటికీ పెడతానని, ఆటగాళ్ల జెర్సీలకు నంబర్లు కుట్టలేక రేపు నువ్వే చేతులెత్తేస్తావని ఎగతాళి చేశాడు. అన్న మాట తీసెయ్యలేక ఆమె తలూపింది.

ఈ ఏడాది పిల్లర్లు లేచాయి. వీధంతా సంబరం. ఆ తర్వాత పిల్లర్ల మధ్య ఇటుక నింపడం మొదలుపెట్టారు. కిటికీ లేదు, గేటు లేదు, సందంత దారైనా లేదు. గంగమ్మ కిటికీకి పన్నెండడుగుల దూరంలో తాటిచెట్టంత గోడ లేచి నిలబడింది. అది స్టేడియం గ్యాలరీ వీపు. పరుగున వెళ్లిన సైదులుకు సైటు ఇంజనీరు శ్రీదివ్య ఫోనులో ప్లాను చూపించింది. గేటు అటుపక్క, బైపాస్ రోడ్డు మీద ఉంది. మరి శిలాఫలకం ఇక్కడెందుకు పెట్టారమ్మా అని అడిగాడు.

"ఆ రోజు కార్లు ఆపడానికి ఈ పక్కే చోటు దొరికిందండి. అందుకే ఇక్కడ పెట్టారు. దానికీ ప్లానుకీ ఏం సంబంధం లేదు."

సైదులు కొయ్యబారిపోయాడు. కార్లు ఆపుకోవడానికా? కార్లు ఆపుకోవడానికి పెట్టిన రాయిని చూసి అయిదిళ్ల ముఖం తిప్పించాడా తను? ఆ అమ్మాయి మంచినీళ్ల బాటిల్ ఇస్తే అది చేత్తో పట్టుకుని, తాగడం మరిచిపోయి అలాగే నడిచొచ్చాడు.

వచ్చేసరికి గంగమ్మ కిటికీ దగ్గర సూదీ దారం పట్టుకుని కూర్చుని ఉంది. ఇంకా మూడు గంటలైనా కాలేదు, ఇంట్లో మసక కమ్మేసింది. చేయి కుట్టు వంకర పోయిందని ఎవరో తిప్పి పంపిన జాకెట్ ఒళ్లో ఉంది. ఆమె సూది అతని ముందుకు చాచింది, దారం ఎక్కించి పెట్టమని. సైదులు దారం ఎక్కించాడు. లేచి సమ్మెట తెచ్చుకుని, మూసేసిన తూర్పు గుమ్మం ముందు నిలబడి ఎత్తాడు.

"ఆగన్నా," అంది గంగమ్మ. "ఆ గోడ పడగొడితే మన బాత్రూము. అదీ పడగొడితే ఐజాజోళ్ల గోడ. ఇంక యాడనుంచి తెస్తావు వెలుతురు? మూడూ నువ్వు కట్టినయ్యే."

ఎత్తిన సమ్మెట కిందికి దిగిపోయింది. ఇప్పటిదాకా స్టేడియం గోడనే తిట్టుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి ఎవరో తవ్వారు సరే, గొయ్యి మాత్రం తను తవ్విందే! వీధిలో ప్రతి ఇటుకా ఎక్కడుందో చెప్పగల మనిషికి ఈ మూడు గోడలూ ఒక్కసారైనా కలిపి గుర్తుకు రాలేదు.

సరాసరి ఐజాజ్ ఇంటికి వెళ్లాడు. ఐజాజ్ లేడు. అతని భార్య గుల్జార్ బేగం కూర్చోమని కుర్చీ వేసింది. సైదులు చెల్లెలి చూపు సంగతి చెప్పి, గోడ నాలుగు వరసలు దించుకోమని అడిగాడు. ఆమె అంతా ఓపిగ్గా విన్నది.

"సైదులన్నా, మా గుమ్మానికి ఎదురుగా అయిదు బాత్రూములు పెట్టేటప్పుడు మమ్మల్ని ఒక్క మాటన్నా అడిగినావా?"

ఆమె గొంతు పెంచలేదు. టీ పెట్టనా అని కూడా అడిగింది. సైదులు కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బయటికొచ్చేశాడు.

మర్నాటి నుంచి వారం రోజులు అతను ఎవరి పనికీ పోలేదు. గంగమ్మ బాత్రూము పడగొట్టి పడమటివైపు, సరిగ్గా శిలాఫలకానికి ఎదురుగా కట్టాడు. తూర్పు గోడ బద్దలుకొట్టి, అటక మీద పడేసిన నాన్ననాటి ద్వారబంధం దించి మళ్లీ నిలబెట్టాడు. గంగమ్మ గడపకు పసుపు రాసి మిషను పాత చోటికి జరుపుకుంది.

ఐజాజ్ గోడ దాటి ఎండ ఆ గుమ్మంలోకి వచ్చేసరికి పది దాటుతుంది. పదకొండున్నరకల్లా గడప మీదినుంచి వెళ్లిపోతుంది. ఆ గంటన్నరలో గంగమ్మ ఎవరు పలకరించినా తలెత్తదు. గోడ దించమని రెండోసారి అడగడానికి సైదులుకు ముఖం చెల్లలేదు.