చిన్నపోలయ్య చేపల గది

సముద్రపొడ్డు పల్లె మైపాడులో చిన్నపోలయ్య వల పట్టింది ఇరవయ్యేళ్ళ వయసు దాకానే. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళుగా నెల్లూరులో ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో అటెండరు. ఆ పని ఇప్పించింది లెక్చరర్ హజరత్తయ్య గారు. వలలో వింత చేప పడితే చాలు, ఆయన మైపాడు వచ్చి పేరు అడిగేవారు. చిన్నపోలయ్య పేరే కాదు, అది ఏ గాలికి ఒడ్డుకొస్తుందో కూడా చెప్పేవాడు. అలా ఇద్దరూ కలిసి నాలుగు వందల సీసాలు నింపారు. సొర పిల్లలు, తోకన ముల్లుండే టేకు చేపలు, సముద్రగుర్రాలు, అన్నీ ఫార్మలిన్‌లో. చీటీ మీద శాస్త్రనామం కింద మైపాడులో పిలిచే పేరు కూడా ఉండాల్సిందేనని ఆయన పట్టు. ఆయన పోయాక సీసాలున్న ఆ చేపల గదిని చిన్నపోలయ్యే చూసుకున్నాడు.

నిరుడు నెల్లూరు, తిరుపతి కాలేజీలు కొన్ని ఒప్పందం రాసుకున్నాయి. రెండూ చదువుల ఊళ్ళే, ఒకచోట ఉన్నది మరోచోట దేనికని. సైన్సు ల్యాబులు, వాటితో చేపల సీసాలు తిరుపతికి, వ్యాపార కోర్సులూ ఉమ్మడి సాంస్కృతికోత్సవమూ నెల్లూరికి.

"సముద్రం మనకాడ ఉంటే చేపలు కొండకాడికి ఎందుకమ్మా?" అన్నాడు చిన్నపోలయ్య, విభాగం పెద్ద వినీల మేడంతో. ఆమె ఒకప్పుడు ఆ గదిలోనే చదువుకున్న పిల్ల.

"నా చేతిలో ఏముంది పోలయ్యన్నా. అక్కడ కొత్త మ్యూజియం కడతారంట."

వారం రోజులు ఒక్కో సీసానూ గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తాడు. లారీతో తనూ వెళ్తానంటే ఒప్పుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ఉత్సవం వచ్చింది. బెస్తవాళ్ళ నృత్యంలో నిజమైన బెస్తవాడొకడు కావాలన్నారు. గోచీ, తలపాగా ఇచ్చి, వల భుజాన వేసి చిన్నపోలయ్యను నిలబెట్టారు. పిల్లలు ఈలలు వేశారు. సిగ్గుతో చచ్చిపోయినా నిలబడ్డాడు, తిరుపతి కాలేజీ అధికారి సుశీల్ కుమార్ ముందు వరుసలో ఉన్నాడు, సీసాల సంగతి అడగొచ్చని. దిగగానే ఆ వేషంతోనే వెళ్ళి అడిగాడు.

"సార్, మా సీసాలు ఎట్టుండాయి?"

"ఏ సీసాలయ్యా?"

మర్నాడే సెలవు పెట్టి తిరుపతి బస్సెక్కాడు. పెట్టెలు సైకిల్ షెడ్డు వెనక రేకుల కింద ఉన్నాయి. మూతలు వదులై మందు కారిపోయింది. చేపలు ఎండి, చిట్లి, అడుగున ముద్దలయ్యాయి. చీటీలు చెదలు తిన్నాయి. చెడకుండా మిగిలిన సీసాలు ముప్పై కూడా లేవు.

వాచ్‌మన్ దగ్గరకొచ్చి, "నువ్వేనా వీటి మనిషివి? కంపు కొడతా ఉండాయని పారేయమన్నారు," అన్నాడు.

"పారేయొద్దన్నా. పార ఉందా?"

గోడవార గుంట తవ్వి పాడైన చేపలను మధ్యాహ్నం దాకా పూడ్చాడు. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. మిగిలిన మంచివాటిని వరండాలో వరసగా పెట్టి ఆఫీసులో చెబితే, "సరే, చూస్తాం," అన్నారు.

ఇంటికొచ్చాక భార్య జయశీల అన్నం పెట్టింది. తినకుండా కూర్చున్నాడు.

"ఎవరన్నా పోయినారా?" అని అడిగింది.

"హజరత్తయ్య గారు," అన్నాడు.

ఆయన పోయి పదకొండేళ్ళయింది.

చేపల గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టారు. రిటైరయ్యే దాకా మిగిలిన పధ్నాలుగు నెలలకు చిన్నపోలయ్యను గేటు దగ్గర వేశారు.