ముక్కుబండి, మొండిమూతి, చక్రాల కుర్చీలు

ఇప్పటి సంగతి నాకు తెలియదు గానీ, తొంభైల చివర్లో మా కొత్తగూడ కిరాయి బండ్ల అడ్డాలో మనిషి విలువను అతను ఏ బండిని మెచ్చుకుంటాడో దాన్నిబట్టి కట్టేవాళ్లు. చదువు సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నాకు ఇది బాగా కలిసొచ్చిన ఏర్పాటు. ఎందుకంటే చదువుతో నాకు తొమ్మిదో తరగతిలోనే రాజీ కుదిరింది. (లెక్కల సారు నన్ను ప్రశ్నలు అడగకూడదు, నేను బడికి రాకూడదు. చివరిదాకా ఇద్దరం మాట మీద నిలబడ్డాం.) మాదాపూర్ గుట్టల నడుమ కంప్యూటర్ల ఆఫీసుల కోసం అప్పుడే ఒక అద్దాల మేడ లేస్తోంది. గుట్టలు పేల్చిన చోట రాళ్లు ఎత్తుకుని, ప్రహరీ గోడలు కట్టే చోట పడేయడం నా ఉద్యోగం. వేరేవాళ్ల మూడు చక్రాల ట్రాలీని కిరాయికి నడిపేవాణ్ని. కంప్యూటర్ల రంగంలో నా తొలి కొలువు అదేనని ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటాను.

అడ్డాలో కిరాయిలు లేని పూట మాకున్న ఒకే కాలక్షేపం, నాలుగు చక్రాల పికప్ బండ్లలో ఏది గొప్పదో తేల్చడం. కంపెనీల పేర్లు చెప్పి ఈ వయసులో తగాదా తెచ్చుకోను, మేం పెట్టుకున్న పేర్లే చెబుతాను. ఒకటి ముక్కుబండి. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, జీపుకు తమ్ముడిలా ఉండేది. రెండోది మొండిమూతి. దానికి ముక్కు లేదు, డ్రైవరు కూర్చున్న సీటు కిందే ఇంజను. మొండిమూతి ఇరుకు సందులో గిర్రున తిరుగుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది, వెనక చోటు ఎక్కువ. ఎటు చూసినా నెగ్గాల్సింది అదే. కానీ రోడ్డు మీద పది బండ్లు కనిపిస్తే ఏడెనిమిది ముక్కుబండ్లే ఉండేవి. ఎందుకని అడిగితే ఒక్కొక్కడు ఒక్కో శాస్త్రం చెప్పేవాడు. ముక్కు తెరిస్తే చాలు, ఇంజను చేతికందుతుంది, మొండిమూతికైతే జ్వరమొస్తే ముందు సీట్లో మనుషుల్ని దింపాలి అనేవాడు ఒకడు. ముక్కుబండి విడి సామాను బాలానగర్‌లో కిళ్లీ కొట్టులో కూడా దొరుకుతుంది అనేవాడు ఇంకొకడు. రాసిన బరువుకు రెండింతలు వేసినా మోస్తుందని మరొకడు. (బండి మీద ఎంత బరువు వేయాలో రాసి ఉంటుంది. బండికి చదువు రాదు కాబట్టి అది ఆ సంగతి పట్టించుకోదు.) నేను మాత్రం మొండిమూతి పక్షం. దానికి పెద్ద కారణమేమీ లేదు. అందరూ అటు ఉన్నారని నేను ఇటు ఉన్నాను.

ఈ వాదన ఊసుపోకకు సాగినన్నాళ్లూ బాగానే ఉంది. ఇంతలో నా ట్రాలీ యజమాని బండి అమ్మేసి చీరల కొట్టు పెడతానన్నాడు. అంటే నా చేతిలో స్టీరింగు ఉండేది ఆ నెలాఖరు దాకానే. సరిగ్గా అప్పుడే మా మేనమామ పొలం రోడ్డు వెడల్పులో పోయింది, వచ్చిన పైకంతో ఆయన ఒక పికప్ కొందామనుకున్నాడు. ఆ బండికి డ్రైవరు నేనేనని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. కానీ మా అత్తకు ఒక తమ్ముడున్నాడు. ఏ పని చెప్పినా తొందరేముందన్నట్టు 'నిమ్మలం, నిమ్మలం' అంటాడు కాబట్టి వాడకట్టంతా నిమ్మలం అన్న అనేది. ఆయనకూ డ్రైవింగు వచ్చు. ఆయన ముక్కుబండి మనిషి. అలా మామ ఇంట్లో రెండు కంపెనీలకు రెండు పార్టీలు వెలిశాయి. మొండిమూతి కొంటే డ్రైవరు నేను, ముక్కుబండి కొంటే నిమ్మలం అన్న. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

నేను మామ దగ్గర కూర్చుని మలుపులు, డీజిలు, వెనక చోటు అన్నీ వివరించాను. మామ తలూపాడు. అత్త వడియాల పిండి కలుపుతూ అంతా విని ఒక్క మాట అడిగింది.

"పూజ జేసిననాడు పసుపు కుంకుమ యాడ వెట్టాలె? ముక్కు లేని మొఖం ఏం మొఖంరా అది?"

అద్దం కింద బోలెడు చోటుందన్నాను. అక్కడ పెడితే ముఖం మీద పెట్టినట్టు ఉండదంది. పైగా ముక్కుబండి ఇంటి ముందు ఎండలో నిలబెడితే ఆ బానెట్ మీద ఒక పూట వడియాలు ఎండుతాయని లెక్కగట్టి చూపించింది. ఈ సుగుణం ఏ కంపెనీ కాగితంలోనూ రాయలేదు గానీ, ఆ రోజుల్లో ముక్కుబండ్లు అన్ని అమ్ముడుపోవడం వెనక ఇలాంటి అత్తలు ఎంతమంది ఉన్నారో ఎవరైనా లెక్క తీయాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మామ ఇటు అల్లుణ్నీ అటు ఇల్లాలినీ కాదనలేక, ఇగ పరేషాన్ వద్దు, రెండు బండ్లూ ఒక దినం తెచ్చి పని చేయించి చూద్దామన్నాడు.

పని కూడా ఆయనే చూశాడు. అద్దాల మేడలో ఆఫీసు ఒకటి తెరుస్తున్నారు, దానికి కుర్చీలు బాలానగర్ కార్ఖానాలో తయారై ఉన్నాయి. వాటిని చేర్చే కిరాయి మామకు తెలిసిన మేస్త్రీ ద్వారా దొరికింది. సగం కుర్చీలు మొండిమూతిలో, సగం ముక్కుబండిలో. ఎవరి సరుకు బాగా చేరితే ఆ బండి. రెండు షోరూముల వాళ్లూ చూసుకోవడానికి బండ్లు ఇచ్చారు. మొండిమూతి వాళ్లు బండితో పాటు ఒక సేల్స్ కుర్రాణ్ని కూడా పంపారు. కోనసీమ మనిషి, అంత ఎండలోనూ టై కట్టుకుని వచ్చాడు. మేం ఆయన్ను టై సారు అన్నాం.

కార్ఖానాలో ఆ కుర్చీల్లో ఒకదాన్ని తిరగేసి చూశాను. ఒక్కో కుర్చీకి కింద అయిదు చక్రాలు. కూర్చునే కుర్చీకి చక్రాలెందుకో, కూర్చున్నవాడు ఎక్కడికి పోవాలో నాకు అర్థం కాలేదు. (మా ట్రాలీకే మూడుండేవి.) సరే, మన పని మనది. రాళ్ల కిరాయి చేసేవాడు మొట్టమొదట ఏం చేస్తాడంటే బండి వెనక తలుపు ఊడదీసి పక్కన పెడతాడు. దాన్ని డాలా అంటాం. డాలా ఉంటే రాళ్లు ఎక్కించడానికీ దొర్లించడానికీ అడ్డం. తాడు అసలే అక్కర్లేదు, రాయి ఎక్కడ పెడితే అక్కడే ఉండే జాతి. ఏళ్ల తరబడి చేతికి పట్టిన అలవాటు కదా, మొండిమూతి డాలా కూడా అలాగే ఊడదీసి కార్ఖానా గోడకు ఆనించాను. కుర్చీలను బడిపిల్లల్లా వరసగా నిలబెట్టి, వాటి మీద రెండో వరస తలకిందులుగా బోర్లించాను. అటు పక్క నిమ్మలం అన్న ఒక్కో కుర్చీని పక్కకు పడుకోబెట్టి, మధ్యలో గోనెపట్టాలు దూర్చి, పెళ్లికూతురికి జడ అల్లినట్టు తాడు అల్లుతున్నాడు. నేను నవ్వి, అన్నా, రేపటికన్నా బయల్దేరుతవా అని అడిగాను. ఆయన నిమ్మలంగా నవ్వాడు.

టై సారు మాత్రం నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, నసుగుతూ అన్నాడు.

"ఏవండీ, మనం కూడా ఓ తాడు కట్టుకుంటే బావుంటుందేమోనండి."

"ఎందుకు సారూ, కుర్చీలు పారిపోతయా ఏంది?" అన్నాను. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వుతో డ్రైవరు ఉద్యోగం సగం వచ్చేసిందనుకున్నాను.

స్టీరింగు నాది, మధ్యలో టై సారు, అటు చివర మామ. ముక్కుబండిలో నిమ్మలం అన్న పక్కన అత్త. కూకట్‌పల్లి దాటి కొండాపూర్ వైపు వచ్చేదాకా రోడ్డు చదునే కాబట్టి కుర్చీలు బుద్ధిగానే ఉన్నాయి. వెనక్కి చూస్తే ముక్కుబండి కనుచూపు మేరలో లేదు. అద్దాల మేడకు ఎక్కే వాలు మొదట్లో ఎర్రజెండా పట్టుకున్నవాడు మమ్మల్ని ఆపాడు. గుట్ట పేల్చబోతున్నారట. అక్కడ నిలబడ్డంతసేపట్లో నిమ్మలం అన్న రానే వచ్చి నా వెనక కొంచెం ఎడంగా ఆగాడు. కష్టపడి సంపాదించిన దూరమంతా ఎర్రజెండా పాలైందని నాకు ఒళ్లు మండింది. గుట్ట పేలింది, దుమ్ము లేచింది, జెండా దిగింది. మొండిమూతి తడాఖా చూపించే సమయం ఇదేనని క్లచ్చి ఒక్కసారిగా వదిలాను. బండి ముందుకు దూకింది. కుర్చీలు దూకలేదు. అవి ఉన్నచోటే ఉన్నాయి, వాటి కింద నుంచి బండి వెళ్లిపోయింది.

ఈ సంగతి మాకు తెలియదు. ఇంజను మా సీటు కిందే మోగుతుంటే వెనక పిడుగు పడ్డా వినబడదు, అద్దంలో చూద్దామంటే అంతా దుమ్మే. వాలు మీద బండి రివ్వున ఎక్కుతుంటే నాకు గర్వం ఆగలేదు.

"జూసినవా మామా, లోడు ఉన్నట్టే లేదు."

"అవ్‌రా, ఉన్నట్టే లేదు" అన్నాడు మామ, నిజంగా మెచ్చుకుని.

"అదేనండి మా బండి గొప్పదనం" అన్నాడు టై సారు, మొదటిసారి టై సర్దుకుని.

గేటు దగ్గర బండి ఆపి, నెగ్గినవాడు ఎలా దిగాలో అలా దిగాను. కాపలా అతను గేటు తెరిచి, వెనక్కి వచ్చి చూసి, మళ్లీ నా ముఖం చూశాడు. సామాను ఏదని అడిగాడు. చూస్తే బండిలో మిగిలింది ఒకే ఒక్క కుర్చీ. అది కూడా ఒక మూల చక్రం ఇరుక్కుని ఆగిపోయింది గానీ, లేకపోతే అదీ వెళ్లిపోయేదే.

ముగ్గురం పరుగున వాలు దిగాం. కింద మా అత్త కొంగు నడుముకు దోపి, సాయంత్రం కోళ్లను గూట్లోకి తోలినట్టు కుర్చీలను రోడ్డు పక్కకు తోలుతోంది. కొన్ని ముళ్లపొదల్లో కూర్చున్నాయి, ఒకటి ఎర్రజెండా అతని దాకా వెళ్లి ఆగింది. రాళ్లు కొట్టేవాళ్లు పని మానేసి ఒక్కొక్కటే ఎత్తి తెస్తున్నారు. నిమ్మలం అన్న ముక్కుబండిని వాలుకు అడ్డంగా నిలబెట్టి, దొర్లుకొచ్చినవాటిని ఆపి, దుమ్ము దులిపి, తన లోడు మీద మళ్లీ అదే జడ అల్లుతున్నాడు. నన్ను చూసి ముడి ఇంకాస్త బిగించాడు. అనాల్సింది అత్తే అంది.

"ఏం అల్లుడా, కుర్చీలకు తొవ్వ జూపనీకి నువ్వు ముందుగాల పోయినవా?"

ఆ విధంగా రెండు బండ్ల సరుకునూ ముక్కుబండి ఒక్కటే మోస్తూ, నిమ్మలంగా వాలెక్కి గేట్లోకి వెళ్లింది. మామ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను పక్కన చేరి, కుర్చీలంటే స్పాంజీ, వాటికి బరువేముంటుంది, నా ట్రాలీ కూడా మోస్తుంది, బండి తప్పేం లేదు మామా అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు బండి మంచిగ తోల్తవురా. గాడు సరుకు మంచిగ తెస్తడు. నాకు సరుకు గావాలె."

ముక్కుబండి కొన్నారు. అత్త బానెట్‌కు పసుపు పూసింది, ఎండాకాలం వడియాలూ పెట్టింది. కథ అడ్డాకు చేరేసరికి రెండు బండ్ల లోడు ఒక్క బండి మోసిందన్నారు. మియాపూర్ చేరేసరికి మూడు బండ్లయ్యాయి, అది కూడా రాళ్ల లోడు. డాలా సంగతి, స్పాంజీ సంగతి ఎక్కడా లేవు. అది విని ముక్కుబండి కొన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లే కొంతమంది ఉన్నారు. ఆ కంపెనీ తరఫున నేను చేసినంత ప్రచారం వాళ్ల సొంత మనుషులు కూడా చేసి ఉండరు. నా ట్రాలీ నెలాఖరుకు పోయింది. కొన్నాళ్లు ఆ ముక్కుబండి వెనకే నిలబడి సరుకు ఎక్కించాను, నిమ్మలం అన్న దగ్గర ముడులు నేర్చుకున్నాను. తర్వాత పాత బండ్ల బేరాల్లోకి దిగి ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఏ బండి మంచిదని ఎవరైనా వస్తే నాకు తెలిసిన శాస్త్రమంతా చెబుతాను. అతను శ్రద్ధగా వింటాడు, చివరికి పక్కింటివాడు కొన్నదే కొంటాడు. నేనేమీ అనుకోను.

కానీ ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మామ తీర్పు కాదు. అందరూ లోపల కుర్చీలు దించుతున్నారు. నాకు అటు వెళ్లడానికి ముఖం చెల్లలేదు. నా బండిలో మిగిలిన ఆ ఒక్క కుర్చీని దించుకుని, గేటు బయట రోడ్డు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కాలితో నేలను కొంచెం తోశాను. అది తిరిగింది. గుట్టలు, దుమ్ము, అద్దాల మేడ, మా మొండిమూతి, టై విప్పేసి దాని నీడలో కూర్చున్న సారు, మళ్లీ గుట్టలు. ఆ ఆఫీసు కుర్చీల్లో ఏ ఇంజనీరు కంటేనైనా ముందు కూర్చున్నది నేనే. ఇప్పుడా దారిన పోతే ఆ వాలెక్కడో కూడా చెప్పలేను, అంతా చదును చేసేశారు. అయినా ఆ కుర్చీలో కూర్చున్న అప్పటి కుర్రవాడు మాత్రం నాకు కనిపిస్తూనే ఉంటాడు. చేతికందిన ఉద్యోగం అప్పుడే పోగొట్టుకుని, ఏడవాల్సింది పోయి, ఇంకొక్కసారి తిరిగి చూద్దామని కాలితో నేలను తోస్తూ ఉంటాడు.