మా బడికొక పగిలిన గంట కావలసొచ్చింది

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మా ఇంటి దేవుడి మీద ఒట్టు, మా చిన్నాయన కొలిమి మీద ఒట్టు. నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. ఒట్టన్‌చత్రం మార్కెట్ నుంచి వచ్చి వంకాయ ధర నేను చెబితే, మా ఆవిడ ఇంకొకరికి ఫోన్ చేసి కనుక్కుంటుంది. అయినా సరే, ఒట్టు ఒట్టే.

మా ఊరి పేరు చెప్పను. కినత్తుకడవులో బస్సెక్కి నిద్రపోతే, కండక్టర్ భుజం తట్టి దించేసే ఊరు. మా వాళ్లు ఎన్నో తరాల కింద తెలుగు మూట కట్టుకుని ఇటు వచ్చి, పత్తి పండించి, ఆ తర్వాత మోటారు పంపులు చేసి, ఇప్పటికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుతూ బతుకుతున్నారు. మా వీధిలో ఒక చిన్న కార్పొరేషన్ బడి ఉంది. నేను చదివిందీ అక్కడే. ఆ ఒక్క అర్హతతో నన్ను పాఠశాల నిర్వహణ సంఘంలో సభ్యుణ్ణి చేశారు. సంఘానికి అధ్యక్షురాలు మా మేనకోడలు. బడి గేటు పక్కనే కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆమె కూతురు ఒకటో తరగతి.

నగరంలో బడి ఎలా నడుస్తుందో నాకు సంఘంలో చేరాకే తెలిసింది. గోడలు కార్పొరేషన్ ఇంజనీర్లవి. గోడకున్న బోర్డు మీద రాసే పాఠం రాష్ట్ర విద్యాశాఖది. పొద్దుటి ఉప్మా ఎక్కడో వండి వ్యానులో వస్తుంది. మధ్యాహ్నం గుడ్డు ఇంకొకరి బాధ్యత. ఉప్మా గిన్నె గుడ్ల గిన్నె ముఖం ఇంతవరకూ చూడలేదు. ఒకసారి వానకు తరగతి గది కారింది. పైకప్పు చూసేవాళ్లు వచ్చి, నీళ్లు నేల మీద ఉన్నాయి కాబట్టి పారిశుధ్యం వాళ్లకు చెప్పమన్నారు. పారిశుధ్యం వాళ్లు వచ్చేసరికి ఎండ కాసి నీళ్లు ఆరిపోయాయి. పని పూర్తయిందని సంతకం పెట్టించుకుని, టీ తాగి వెళ్లారు.

ఇన్ని శాఖల్లో గంట ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. ఎందుకంటే మా బడికి గంటే లేదు. కట్టిన రోజు నుంచీ లేదు. పక్కనే నూలు మిల్లు ఉండేది. షిఫ్టు మారినప్పుడల్లా దాని సైరన్ ఊరంతా వినబడేలా కూసేది. మిల్లు సంగు అనేవాళ్లం దాన్ని. ఆ సంగుకే బడి తెరిచేవారు, ఆ సంగుకే వదిలేవారు. మిల్లు మూతపడ్డాక యంత్రాలతోపాటు సంగు కూడా పాత ఇనుముకు పోయింది.

బడి మాత్రం ఆగలేదు. ఎదురింట్లో ఆ మిల్లులోనే పనిచేసి రిటైరైన తాత ఒకాయన ఉన్నాడు. షిఫ్టు వేళకు ఆయన కాళ్లు వాటంతటవే లేస్తాయి. టిఫిన్ క్యారియర్ పట్టుకుని, మిల్లు గేటు ఉండిన చోటికి నడిచి, ఇప్పుడక్కడున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను పలకరించి తిరిగొస్తాడు. ఆయన పొద్దున గడప దాటితే బడి మొదలు, సాయంత్రం దాటితే బడి వదులు. ఆయన పళనికి పోయిన రోజున బడి వదలడం ఎవరికీ చేతకాలేదు. తల్లులొచ్చి పిలిచేసరికి మూడో తరగతి ఏడో ఎక్కం చెబుతూ చెబుతూ, ఎక్కాల పుస్తకాలు ఎన్నడూ చూడని దేశాలకు వెళ్లిపోయింది.

ఇలా హాయిగా సాగుతుండగా కబురొచ్చింది. చిన్న బడుల్ని పెద్ద బడుల్లో కలపాలా వద్దా అని తేల్చడానికి విద్యాధికారి వస్తున్నారట. బడికి ఉండవలసినవన్నీ ఉంటే సరి. ఏ ఒక్కటి లేకపోయినా ఒకటో తరగతి రోడ్డవతలి పెద్ద బడికి పోతుంది. ఆ రోడ్డు సంగతి చెప్పాలంటే, గడ్డం గీసుకుని దాటబోయిన మా బావమరిది అవతల తేలేసరికి మళ్లీ గడ్డం వచ్చింది. ఇక ఒకటో తరగతి పిల్లలు దాటడమా!

మా టీచరమ్మ, బడికి ప్రధానోపాధ్యాయిని, అన్నీ సరిచూసుకున్నారు. నీళ్లున్నాయి, మరుగుదొడ్డి ఉంది, జెండా కర్ర ఉంది. గంట లేదు.

మా మేనకోడలు మిషన్ ఆపి నన్ను పిలిచింది. "మామా, టీ తాగేదానికే సంఘంలో చేరినావా? గంటకు దారి చూడు."

"గంటే గదమ్మా. అడిగితే కార్పొరేషన్ ఇయ్యదా?"

"అట్లయితే పొయ్యి ఎత్తుకోని రా. నా బిడ్డ ఆ రోడ్డులో కాలు పెట్టిందో, ఈ జన్మకు నీకు చొక్కా కుట్టేదే లేదు."

నేనూ టీచరమ్మా కార్పొరేషన్ గిడ్డంగికి వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. ఆయన మాట్లాడింది తమిళం. దాన్ని తెలుగులో పెట్టడం ఒక్కటే నా పని.

"కొత్త గంటా? తప్పకుండా ఇస్తాం. పాతది తెచ్చారా?"

"పాతది లేదు సార్," అన్నారు టీచరమ్మ.

"పోయిందా?"

"పోలేదు సార్. ఎప్పుడూ లేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పగిలితే మార్చి ఇస్తాను. పోతే పోలీసు కాయితం చూసి ఇస్తాను. అసలు లేనిదానికి బదులెలా ఇవ్వనమ్మా? నాకు మేనమామ లేడు. మేనమామ పోయాడని సెలవు పెట్టగలనా?"

ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. బయటికొచ్చాక, "ఎక్కడైనా పగిలిన గంట ఒకటి సంపాదిస్తే చాలన్నమాట," అన్నాను. టీచరమ్మ చెట్టు మీది కాకి వైపు చూస్తూ, "నాకేమీ వినబడలేదండీ," అన్నారు.

మా చిన్నాయనకు పంపుల బాడీలు పోత పోసే పట్టరై, అంటే చిన్న కార్ఖానా, ఉంది. వెళ్లి అడిగాను.

"చిన్నాయనా, పగిలిన గంట ఒకటి పోసియ్యి."

"పగిలింది ఎట్ల పోస్తారురా? పోసినాక గదా పగిలేది."

"అదే. పోసి, పగలగొట్టి ఇయ్యి."

"పగలగొట్టేదానికి పోసేది ఏల? పొద్దున్నే కల్లు తాగి వచ్చినావా?"

అంతా వివరించి చెప్పాను. పిల్లలు, రోడ్డు అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. "సెరి, పోస్తాను. అయితే ఒక మాట. ముందు అది గంటగా నిలవాల. ఆమీట పగలాల. మొదులే చెత్తగా పోస్తే అది పగిలిన గంట కాదురా, ఉట్టి చెత్త. మా పట్టరై నుంచి చెత్త బయటికి పోదు."

అక్కడే నేను వాదించి ఉండాల్సింది. పంపు బాడీలకు చేతికందిన ఇసుక వాడే మనిషి, ఈ గంట అచ్చు కోసం పిన్నమ్మ పాత చీరలో ఇసుక జల్లించాడు. రాగి, తగరం తానే పోయి ఏరి తెచ్చాడు. పోసినాక, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు అచ్చును తాకి తాకి చూస్తూ చల్లారబెట్టాడు.

ఇక పగలగొట్టాలి. ఆయన సుత్తి ఎత్తి ఒక దెబ్బ వేశాడు. గంట మోగింది. ఎలా మోగిందంటే, వీధిలో పోతున్న ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. మూల గుడిలో పూజారి తన గడియారం తప్పనుకుని హారతి వెలిగించాడు. చిన్నాయన ఇంకా గట్టిగా కొట్టాడు. సుత్తి పిడి విరిగింది.

"సుత్తి పోయెనే చిన్నాయనా!"

"సుత్తి నేను పోసింది కాదు గదా," అన్నాడాయన. ముఖం వెలిగిపోతోంది.

చివరికి మినీ లారీ చక్రం కింద పెట్టాం. లారీ ఎక్కింది, దిగింది. టైరు పంచరైంది. గంట మాత్రం ఒకసారి దొర్లి, సన్నగా మోగి, ఊరుకుంది.

"పగిలిందని చెప్పేయ్ మామా, ఎవరు చూస్తారు?" అంది మేనకోడలు. కాబట్టి అలాగే గిడ్డంగికి మోసుకుపోయాను. అధికారి తన పెన్నుతో దాన్ని సుతారంగా తట్టాడు. గిడ్డంగిలోని వాళ్లందరూ లేచి భోజనానికి చేతులు కడుక్కున్నారు.

"ఇది పగల్లేదే!"

"లోపల పగిలింది సార్. బయటికి కనబడదు."

"చక్కగా ఉన్న గంటకు కొత్తది ఇవ్వలేను."

"అయితే దీన్నే తగిలించుకుంటాం సార్."

"ఎలా తగిలిస్తారు? మీ బడికి గంట లేదని మీరే చెప్పారు. గంట లేని బడిలో గంట కనబడితే అది అదనపు సరుకు. అదనపు సరుకు ఇక్కడే జమ కావాలి." గంట తీసుకుని, మా బడి గంట అందిందని రసీదు రాసిచ్చాడు.

ఉత్త చేతులతో వచ్చిన నన్ను చూసి మేనకోడలు కత్తెర బల్ల మీద కొట్టింది. "గంట తెమ్మంటే, ఉండేదాన్ని ఇచ్చేసి వచ్చినావా? నీకు మా అత్త ఎట్ల అన్నం పెడుతుందో!" తర్వాత రసీదు లాక్కుని చూసి ఆగిపోయింది. "నిలు మామా. మా బడి గంట అని రాసుండాదే. అంటే మనకు గంట ఉండె. ఇప్పుడు లేదు. అంతే గదా?"

"ఆమా."

"అట్లయితే బదులు ఇయ్యాల గదా!"

మర్నాడు తానే వెళ్లింది. అధికారి రసీదు చదివి, "ఇప్పుడు పద్ధతిగా ఉంది," అని లోపలికి పోయి, మా బడికి కొత్తగా ఒక గంట మంజూరు చేసి తెచ్చాడు. మా గంటే.

విద్యాధికారి వచ్చిన రోజు అది వరండాలో వేలాడుతోంది. ఆయన కొట్టమన్నారు. కొట్టాం. అది ఆగేదాకా నిలబడి విని, టోపీ లేకపోయినా తల మీద చెయ్యి పెట్టుకుని టోపీ తీసినట్టు చేశారు. ఒకటో తరగతిని కదిలించక్కర్లేదని అక్కడికక్కడే చెప్పి వెళ్లారు.

ఒట్టేశాను కాబట్టి ఇప్పుడు ఒప్పుకోవాలి. కల్పించింది ఒక్క చోటే. తాత నిజం, లారీ టైరు నిజం. గిడ్డంగి నుంచి వచ్చిన గంట మాత్రం మాది కాదు. ఏ మూతపడిన బడిదో, తుప్పు పట్టిన ఇనుప గంట. విద్యాధికారి దాన్ని కొట్టమననే లేదు. వేలాడుతోందా అని చూసి, ఉందని రాసుకుని, ఎండకు తాళలేక కారెక్కారు.

ఆయన వెళ్లాక చిన్నాయన వచ్చి గోటితో తట్టి, "ఇది పగిలుండాదిరా," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పగిలిన గంట! నిజమైనది! ఇప్పుడు తీసుకుపోతే నిబంధన ప్రకారం మార్చి ఇచ్చి తీరాలి. వరండాలోకి స్టూలు కూడా తెచ్చాను.

మేనకోడలు స్టూలు లాగేసింది. "ఎవరైనా దాన్ని ముట్టినారో, చేతులు నరుకుతాను. బిడ్డ ఇక్కడే చదువుతుండాది. అది చాలదా మీకు?"

మా గంట ఇప్పుడు గిడ్డంగిలో భోజనాల వేళకు మోగుతుందట. ఆ వేళకే చిన్నాయనకు అటువైపు ఏదో ఒక పని పడుతుంది. మా బడిలో మాత్రం టీచరమ్మ కొడితే టక్కుమంటుంది. ఒకటో తరగతికి ఆ మాత్రం చాలు, పరుగెత్తుకుని వచ్చేస్తారు.