ముందురోజు సాయంత్రం

ఆంటీ పోయారన్న కబురు నాకు ఢిల్లీ ఐ.ఎన్.ఏ. మార్కెట్లో మల్లెపూలు బేరమాడుతుండగా తెలిసింది. "మోగ్రా ఏక్‌దమ్ తాజా హై, దీదీ" అంటూ పూలవాడు తడిగుడ్డ తీసి చూపిస్తున్నాడు. ఫోన్లో ఆవిడ కూతురు. "అక్కా, అమ్మ లేవట్లేదు" అంది. జ్వరమేమో అనుకుని, డాక్టర్ని పిలిచారా అన్నాను. "వచ్చి చూశాడు. నిద్రలోనే అయిపోయిందట అక్కా" అంది. పూలవాడు ఎంత కావాలని అడుగుతూనే ఉన్నాడు. నేను బేరం మానేసి బుట్టలో ఉన్నవన్నీ తీసుకున్నాను. నిజానికి ఆ పూలు ఆ సాయంత్రం ఆంటీ జడలో పెట్టడానికే కొంటున్నాను. అదెలాగో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మా పై అంతస్తు వాళ్ళు. మా ఆయనకి ఢిల్లీ బదిలీ అయి, కాకినాడ నుంచి ట్రంకుపెట్టెలతో దిగిన రోజున మెట్ల మీద నిలబడి "హిందీ వచ్చా?" అని అడిగారు. రాదన్నాను. "మంచిది. కొన్నాళ్ళు నీతో ఎవరూ పోట్లాడలేరు" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ చెయ్యి వదల్లేదు నేను. అంకుల్ రిటైరై వాళ్ళు మునీర్కా ఫ్లాటుకి మారినా, తర్వాత అంకుల్ పోయినా, వారానికి నాలుగుసార్లయినా ఆవిడ ముఖం చూడందే నాకు తోచేది కాదు.

ఆవిడ చేసే పనేమిటో మా ఊరివాళ్ళకి చెప్పలేక చచ్చేదాన్ని. పెళ్ళిళ్ళ కాంట్రాక్టా అంటే కాదు, టూరిస్టు ఏజెన్సీయా అంటే కాదు. గుర్గావ్‌లో, నోయిడాలో పెద్ద ఉద్యోగాలు చేసే మనవాళ్ళున్నారు చూడండి, వాళ్ళకి డబ్బుకి లోటు లేదు, ఊపిరి పీల్చుకునే తీరికే లేదు. పెళ్ళిరోజు వస్తుంది, బెజవాడ నుంచి అమ్మానాన్నలు వస్తారు, మామగారి షష్టిపూర్తి నెత్తిమీదికి వస్తుంది. అలాంటివాళ్ళకి ఆంటీ ఒక్క సాయంత్రం తయారుచేసి చేతిలో పెట్టేవారు. పాతఢిల్లీ హవేలీ ముంగిట్లో ఆరేడుగురి కోసం వీణ కచేరీ. దీపాల వెలుగులో కూచిపూడి. ఆ తర్వాత వెండి కంచాల్లో గుత్తివంకాయ కూరతో భోజనం. ఏళ్ళ తరబడి తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమాలు దగ్గరుండి నడిపించిన మనిషి కనక పాడేవాళ్ళూ, ఆడేవాళ్ళూ, వంటవాళ్ళూ అందరూ ఆవిడ మాట మీద వచ్చేవారు. నన్ను కూడా సాయానికి రమ్మన్నారు. "ఇంట్లో కూర్చుని సీరియళ్ళ మీద కోప్పడే బదులు, నాతో వచ్చి మనుషుల మీద కోప్పడు" అన్నారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఇంకెవరూ అలా చేయగా నేను చూడలేదు. ఏ కార్యక్రమమైనా సరే, దానికి ముందురోజు, అదే వేళకి మేమిద్దరం అక్కడికి వెళ్ళాలి. ఊరికే చూసి రావడం కాదు, రేపు రాబోయే మనుషులమైపోవాలి. ఒకరు భర్త, ఒకరు భార్య. లేకపోతే ఒకరు అత్తగారు, ఒకరు కోడలు. కారు దిగిన దగ్గర్నుంచి తాంబూలం దాకా ఆ సాయంత్రం మొత్తం నడపాలి. "వాళ్ళు కూర్చునే కుర్చీలో మనం కూర్చుంటే తప్ప అది ఎక్కడ గుచ్చుకుంటుందో తెలీదమ్మాయ్" అనేవారు.

మొదట్లో నాకు సిగ్గు ముంచుకొచ్చేది. ఆంటీకి మాత్రం మహా సరదా. భర్త వేషం తనకే కావాలనేవారు. కాళ్ళు బారజాపి, లేని మీసం దువ్వుకుంటూ "ఏమోయ్, పప్పు బాగానే ఉంది గానీ మా అమ్మ చేసినట్టు లేదు" అనేవారు. నాకు నవ్వాగక పొలమారిపోయేది. వడ్డించే భయ్యాలు మమ్మల్ని పిచ్చివాళ్ళలా చూసేవారు.

ఒకసారి గుర్గావ్ జంట పెళ్ళిరోజుకి అలాగే కూర్చున్నాం. భోజనం మధ్యలో ఆంటీ ఉన్నట్టుండి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "యెస్, యెస్, స్క్రీన్ షేర్ చెయ్యండి" అంటూ లేచి వెళ్ళిపోయారు. ఎంతకీ రారే! కూర కూడా చల్లారిపోయింది. చివరికి వచ్చి "ఇంతసేపూ ఏం చూశావు?" అని అడిగారు. "ఏముంది చూడ్డానికి, గోడ" అన్నాను చిరాగ్గా. "రేపు ఆ పిల్ల కూడా అదే చూస్తుంది. అతని ఫోన్ మనం ఆపలేం. కుర్చీ అయితే తిప్పగలం" అని, బల్లని తోటవైపు తిప్పించారు. మర్నాడు నిజంగానే ఫోన్ వచ్చింది, అతను నిజంగానే లేచి వెళ్ళాడు. ఆ అమ్మాయి తోటలో దీపాలు చూస్తూ కూర్చుంది.

ముందురోజున ఫోటోలు మాత్రం తియ్యనిచ్చేవారు కాదు. "ఆ సాయంత్రం వాళ్ళది. మనం ఎంగిలి చెయ్యకూడదు" అనేవారు. వాళ్ళ పాయసం మనం ముందే తినేశాం కదాంటీ అంటే, "అది వేరు, నోర్ముయ్" అనేవారు.

ఇప్పుడు తలుచుకుంటే ఈ ఊళ్ళో ఎన్ని మేడల మీద, ఎన్ని ముంగిళ్ళలో మేమిద్దరం ఎవరెవరిలాగానో కూర్చున్నామో! ఆటోలో పోతూ ఆ చోట్లు కనిపిస్తే తల తిప్పేసుకుంటాను. మేమింకా అక్కడే కూర్చుని, రేపు రాబోయేవాళ్ళ మాటలు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆవిడ లేకపోయినా ఫోన్లు వస్తూనే ఉన్నాయి కనక మొన్నొక కార్యక్రమం ఒప్పుకున్నాను. ముందురోజు ఒక్కదాన్నే వెళ్ళాను. భార్యగా ఒక మాట అని, జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాను. నీళ్ళు తెచ్చిన భయ్యా నా ముఖం చూసి ఇంకో గ్లాసు కూడా పెట్టి వెళ్ళాడు.

ఆంటీకి ఒక్కతే కూతురు. గుర్గావ్‌లో పెద్ద కంపెనీలో పెద్ద హోదా. ఇక్కడే పుట్టి పెరిగినా తెలుగు బాగానే మాట్లాడుతుంది. తల్లిని బయటికి తీసుకెళ్తానని చెప్పడం, ఆఖరి నిమిషంలో మీటింగ్ పడిందని ఫోన్ చెయ్యడం, ఇది వాళ్ళింట్లో మామూలే. నాకు ఒళ్ళు మండి ఓసారి ఏదో అనబోతే ఆంటీ అడ్డుకున్నారు. "అలాంటి పిల్లలు ఉండబట్టే కదమ్మాయ్ మన కొట్టు నడుస్తోంది" అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ ఏమంటాను?

అలాంటి పిల్ల, ఆంటీ పోవడానికి కొద్దివారాల ముందు నాకు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మకి సెవెంటీ వస్తున్నాయి. ఈసారి నేనే మీ క్లయింట్. పక్కా. ఆఫీసుకి ఛుట్టీ కూడా పెట్టేశాను. అమ్మకి మాత్రం చెప్పొద్దు, ప్లీజ్" అంది. నా సంబరం చూడాలి మీరు! మెహ్రౌలీలో కుతుబ్ మీనార్ కనిపించే మేడ మాట్లాడాను. వీణ వాయించే ఆవిడని ఒప్పించాను. అనుమానం రాకుండా పుట్టినరోజుకి ముందు శనివారం పెట్టాం. ఆంటీతో మాత్రం, గుర్గావ్ అమ్మాయెవరో వాళ్ళమ్మ కోసం అడిగిందని చెప్పాను. కార్యక్రమానికి ఎలాగూ వచ్చి వెనకాల నిలబడే మనిషే కదా, అప్పుడు చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెడదామని మా ఆలోచన.

"ఆ తల్లి ఎలాంటిది?" అని అడిగారు ఆంటీ.

"చాదస్తం ఎక్కువట. తీపి పిచ్చి. మోకాళ్ళ నొప్పులు. ఎవరి మాటా వినదట" అన్నాను.

"అయ్యో పాపం, ఆ కూతురు ఎలా వేగుతోందో" అన్నారు.

శుక్రవారం సాయంత్రం మా పద్ధతి ప్రకారం మెహ్రౌలీ వెళ్ళాం. ఆవిడ తల్లి, నేను కూతురు. అంతా హాయిగా జరిగింది. ఆవిడని మునీర్కాలో దింపి ఇంటికి వచ్చాను. శనివారం పొద్దున పూల దగ్గర ఉండగా ఆ ఫోన్ వచ్చింది.

కొన్న పూలన్నీ ఆవిడ మీదే వేశాం. ఆ సాయంత్రమే, శ్మశానంలో ఉండగా నా ఫోన్ మోగింది. మెహ్రౌలీ మేనేజరు. ఎవరూ వద్దని చెప్పలేదు కదా అతనికి! "మేడమ్, సబ్ తయ్యార్ హై. ఆంటీజీ కిత్‌నే బజే ఆయేంగీ?" అంటూ, ఎన్నింటికి వస్తారని ఉత్సాహంగా అడిగాడు. "ఆంటీజీ నహీ ఆయేంగీ" అని మాత్రం అనగలిగాను. "అచ్ఛా, అచ్ఛా, కోయీ బాత్ నహీ" అని, పర్లేదంటూ పెట్టేశాడు. అవతల ఎవరో వీణ శ్రుతి చేసుకుంటున్నారు. ఆ శబ్దం నాకు ఇప్పటికీ వంటింట్లో, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తుంది.

కర్మలన్నీ అయ్యాక ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"ఒక్కటి చెప్పండక్కా. ఆ సాయంత్రం నేను ఇస్తున్నదని అమ్మకి తెలుసా? తెలియకుండానే వెళ్ళిపోయిందా?"

"నాకు తెలియదమ్మా. నేనైతే చెప్పలేదు" అన్నాను. నిజంగానే తెలియదు.

"అయితే నన్ను అక్కడికి తీసుకెళ్ళండి. ఏం చేసిందో, ఏం తిన్నదో అంతా చెప్పండి."

తీసుకెళ్ళాను. చీకటి పడుతోంది, దూరంగా కుతుబ్ మీద దీపాలు వెలుగుతున్నాయి. అదే బల్ల. ఆ పిల్ల కూతురి కుర్చీలో కూర్చుంది. తల్లి కుర్చీ ఖాళీగా వదిలి, నేను పక్కన ఇంకొకటి లాక్కున్నాను. దద్దోజనం రెండుసార్లు పెట్టించుకున్నారని చెప్పాను. పాయసంలో తీపి చాలలేదన్నారని చెప్పాను. కాస్త నవ్వింది.

"ఏం మాట్లాడింది?"

"మామూలుగా ఆవిడ నోరు ఆగదు కదా. ఆ రోజు తక్కువే మాట్లాడారు. మధ్యలో నేను ఆవిడ నేర్పినట్టే, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లేవబోయాను. 'మాట్లాడుకోమ్మా, నేనేమీ అనుకోను. లేచి మాత్రం వెళ్ళకు. నువ్వు ఎవరితో మాట్లాడినా నీ గొంతు నాకు వినపడుతుందిగా' అన్నారు."

ఆ పిల్ల తన ఫోన్ తీసి బల్ల మీద బోర్లించింది.

"కానీ అది ఏ అమ్మైనా అంటుంది కదక్కా."

"అంటుంది" అన్నాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

గాలి వీచింది. "ఆ రోజు కూడా ఇలాగే చల్లగా ఉందా? శాలువా కప్పుకుందా?" అని అడిగింది.

"అక్కర్లేకపోయింది. పట్టుచీర కదా."

"పట్టుచీరా?"

అప్పుడు చెప్పాను. ముందురోజుకి ఎప్పుడూ నలిగిన నూలుచీరలోనే వచ్చేవారు ఆంటీ. ఆ రోజు పట్టుచీరలో దిగారు. పెళ్ళికూతురిలా ఉన్నారేంటి ఆంటీ అని ఏడిపించాను. "రేపు ఆ పెద్దావిడ పట్టుచీరతోనే వస్తుంది కదా. లిఫ్టు దిగాక ఆ ఎత్తు మెట్టు పట్టుచీరతో ఎక్కగలదో లేదో చూడొద్దూ?" అన్నారు. ఈ మనిషికి పనంటే ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను నేను.

"ఏ రంగు?" అంది ఆ పిల్ల.

"వంకాయరంగు. సన్నంచు."

"అది నేను కొన్నదే అక్కా. కొని ఎన్నేళ్ళయిందో. మడత కూడా విప్పలేదు. ఎప్పుడడిగినా, నువ్వు నన్ను బయటికి తీసుకెళ్ళిన రోజున కట్టుకుంటానే అనేది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా! తెలుసు ఆవిడకి. అంతా తెలిసే వచ్చారు!" అన్నాను, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని.

చెయ్యి వదిలించుకోలేదు. నా ముఖంలోకి చూస్తూ, "మరి ముందురోజే ఎందుకు కట్టుకుందక్కా? రేపు నేను రానేమో అనుకుందా?" అంది.

లేదు అనాలి. ఎవరైనా లేదనే అంటారు. ఈ ప్రశ్న నన్నూ వదలడం లేదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను. ఆ ఒక్కరోజు కూడా ఆగలేనంత సంతోషమా? కూతురి మీద నమ్మకం లేకనా? లేక నిజంగా ఆ మెట్టు కోసమేనా? అడిగితే ఏదో వేళాకోళం ఆడి తప్పించుకునేవారే తప్ప చెప్పేవారు కాదు, నాకు తెలుసు. ఆ మహాతల్లి నాకు ఈ ఊళ్ళో బతకడం నేర్పింది, మనుషుల్ని చూడడం నేర్పింది. ఇది మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయింది.

"ఆ చీరలో ఎలా వచ్చిందో చూపించండక్కా" అంది ఆ పిల్ల.

లేచి లిఫ్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడి నుంచి ఆంటీ నడకతో వచ్చాను. ఎడమచేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గోడ ఆసరాతో కుడికాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు దాని పక్కకి చేర్చి, ఒక్క క్షణం ఆగి ఆయాసం తీర్చుకున్నాను. కొంగు సర్దుకుని బల్లవైపు చూసి నవ్వాను. ఆ పిల్ల గబుక్కున లేచి నిలబడింది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని రెండు చేతులతో వెనక్కి లాగి, దాని మీద చెయ్యి వేసి, నేను మెల్లగా నడిచి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది.