అయ్యవారికి నేసిన తువ్వాలు

మా మనవడికి మాటలు నేర్పే టీచరమ్మకు ఏదైనా బహుమానం ఇవ్వాలని కోడలు నిన్నటి నుంచి ఫోన్లో బొమ్మలు తిప్పుతూ ఉంది. గడియారమా, చీరా, వెండి కుంకుమభరిణా అని నన్నూ అడిగింది. ఎమ్మిగనూరులోని మా నేసేవాళ్ళ వీధిలో చదువు చెప్పిన అయ్యవారు కళ్ళ ముందుకొచ్చాడు.

మా తమ్ముడికి పసితనంలో జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. వాణ్ణి బడికి పంపాలనే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు, వీధిబడి నడిపే అయ్యవారికి వచ్చింది. చిప్పగిరి వైపు నుంచి వచ్చిన ఒంటి మనిషి ఆయన. బక్కపలచగా ఉండేవాడు, నెత్తిన వెంట్రుక ఒక్కటి లేదు. రోజూ పొద్దున మా గడప ముందు వంగి, తమ్ముణ్ణి భుజానికెత్తుకుని పోయేవాడు. వాడు దారి పొడుగునా ఎక్కాలు అప్పజెబుతూ ఆ బోడిగుండు మీద తాళం వేసేవాడు. "మెల్లగ కొట్రా నాయనా, ఆడ ఉండేది మీ అయ్యవారి బుర్ర" అనేవాడే గానీ దించేవాడు కాదు. తమ్ముడు తన పేరు తాను రాసిన రోజు అమ్మ ఆ పలకను తుడవనివ్వకుండా దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది. అయ్యవారికి ఏదైనా ఇచ్చుకోవాలని ఇంట్లో మాట పుట్టింది ఆ రోజే.

అది యాభైల్లో కరువు కాలం. వానల్లేక జొన్న పండలేదు. గింజ లేని రైతు గుడ్డ కొనడు కాబట్టి మా మగ్గాల మీది బట్టంతా ఇళ్ళలోనే పేరుకుంది. వీధిబడి అయ్యవారికి జీతమంటూ ఉండదు, పిల్లల ఇళ్ళవాళ్ళు పెట్టే గింజలే ఆధారం. కుండ అడుగున దాచిన జొన్నలు ఇద్దామని అమ్మ అంది. "ఆయప్ప రోజూ మనింటి కాడ సెంబుడు నీళ్ళు తాగి పోతాండాడు. అది దప్పిక గాదు."

నాయన ఒప్పుకోలేదు. "గింజలిస్తే బిచ్చమేసినట్లుంటాది. అయ్యవారికి మర్యాదంటే గుడ్డే" అన్నాడు. మా వీధిలో పెళ్ళికీ గుడ్డే, చావుకీ గుడ్డే, అలిగిన అల్లుడికీ గుడ్డే. పైగా నాయనకు తన నేత మీద వల్లమాలిన గర్వం. వెయ్యి గుడ్డల్లో కలిపినా తన అంచు గుర్తుపడతానని సవాలు చేసేవాడు. వీధిలో ప్రతి నేతగాడూ అదే మాట అనేవాడు, అందరిదీ నిజమే. తమ్ముడు కూర్చునే భుజానికని మెత్తటి నూలు ఏరి, ఎర్రంచు తువ్వాలు నేశాడు. అయ్యవారు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

కొన్నాళ్ళకు అయ్యవారు బడికి సెలవిచ్చి ఎటో వెళ్ళాడు. నాయన కూడా నేసిన బట్ట అమ్మడానికి ఆదోని పోయి, అమ్ముడుపోక, లారీ దొరికితే ఎక్కి తిరిగొచ్చాడు. అయినా మొహం వెలిగిపోతూ ఉంది.

"మన అయ్యవారు బట్టలంగడి మెట్ల మీద కనపడినాడు. నా తువ్వాలే భుజాన! నీ నేత ఆదోనోళ్ళకు సూపిద్దామని ఏసుకొచ్చినానప్పా అన్నాడు."

అంబలి పోస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "సంకలో మూటుండెనా?"

"ఉండె."

"తువ్వాలు ముందే భుజాన ఉండెనా, నిన్ను సూసినాక ఏసుకున్నాడా?"

"సూసినాకే" అన్నాడు నాయన. అంబలి ముట్టలేదు.

అమ్మ కుండ వంచి ఉన్న జొన్నలన్నీ కొంగున కట్టుకుంది. నన్ను వెంటబెట్టుకుని అయ్యవారి గుడిసె వాకిట్లో కూర్చుంది. పొద్దుగుంకే వేళకు ఆయన ఎద్దులబండిలో వచ్చాడు. ఆదోని దారిలో పడి ఉంటే ఎవరో ఎక్కించుకొచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది. మీద కప్పడానికి ఆయన మూటే విప్పారు. మడత నలగని పంచెలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, అన్నీ మా వీధివాళ్ళు ఆయనకిచ్చినవే. చుట్టూ చేరిన నేతగాళ్ళలో ఒకాయన "ఇది నాది" అన్నాడు. ఇంకొకాయన "ఇది నాది" అన్నాడు. మూడో ఆయన తన అంచు వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. ఊళ్ళో అమ్మితే ఇచ్చినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని అయ్యవారు ఆకలి కడుపుతో ఆదోని దాకా నడిచాడు. అక్కడా నాయన ఎదురయ్యేసరికి ఒక్క గుడ్డ కూడా అమ్మలేక తిరుగుముఖం పట్టాడు.

పోయినవాళ్ళ నోట్లో బియ్యపు గింజలు వేసే ఆనవాయితీ మావాళ్ళకు ఉంది. ఆ ఏడు బియ్యం ఎవరింట్లో ఉన్నాయి? అమ్మ కొంగు ముడి విప్పింది. నాయన ఆ జొన్నలు తీసి అయ్యవారి నోట్లో వేశాడు.

మర్నాడు పొద్దున తమ్ముడు పలక పట్టుకుని గడపలో కూర్చున్నాడు. లోపలికి తీసుకురాబోతే ఏడ్చాడు. వాణ్ణి ఎత్తుకుపోయే భుజం మళ్ళీ దొరకలేదు. నూలు కండెలు చుడుతూనే వాడి బతుకు గడిచిపోయింది.

"ఆ టీచరమ్మకు ఏం కావాలో ముందు కనుక్కో తల్లీ" అని కోడలికి చెప్పాను. సరేనంటూనే మళ్ళీ ఫోన్లోకి చూసుకుంది. ఆ కరువు దాటి డెబ్బై ఏళ్ళయింది. ఇన్నేళ్ళ బతుకులో నేను తిరిగి రావాలని కోరుకునేది ఒకే ఒక్క పొద్దు, అయ్యవారు ఇంకా ఆదోని దారి పట్టనిది, అమ్మ కుండలో జొన్నలు ఇంకా మిగిలి ఉన్నప్పటిది.