మెర్సీ కోసం ఒక ప్రార్థన మనవి

పది రోజుల కిందట శుక్రవారం ఆఫీస్‌లో ఉండగా మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. మా పిల్లల సండే స్కూల్ ఆంటీ ప్రభువునందు నిద్రించారు. జబ్బు ముదిరిందని తెలుసు. అయినా పార్కింగ్‌లో కారెక్కి కూర్చుని ఏడ్చేశాను.

ఆంటీది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు. టెక్సస్‌లోని ఈ ఇర్వింగ్‌లో సముద్రం లేదని ఎప్పుడూ గొణుక్కునేవారు. అందుకే ఒక వేసవిలో పట్టుబట్టి పిల్లల ట్రిప్‌ని మెరైన్ పార్కుకి పెట్టించారు. అక్కడ మెర్సీ అనే తిమింగలం ఎగిరింది, చెయ్యూపింది, పిల్లల్ని తడిపింది. షో అయ్యాక మేమంతా పిజ్జా లైన్‌లో నిలబడితే ఆవిడ మాత్రం తొట్టి గాజు దగ్గరే ఉండిపోయారు. పిలవడానికి నేను వెళ్ళాను.

"చూడు బాబూ, గోడ దాకా పోతుంది, మళ్ళీ తిరిగొస్తుంది. మా సముద్రానికి అవతల గోడ ఉండేది కాదు," అన్నారు.

ఆ ఆదివారం ప్రార్థన మనవులప్పుడు ఆంటీ లేచారు. "మెర్సీ అని ఒక బిడ్డ. బంధకాల్లో ఉంది. విడుదల కోసం ప్రార్థన చేయండి."

మా చర్చిలో విడుదల అంటే జబ్బు నుంచి, తాగుడు నుంచి. ఈ దేశానికొచ్చాక, వీసా లేక పట్టుబడినవాళ్ళు కూడా గుర్తొస్తారు. ఆరాధన అవగానే ఇద్దరు బ్రదర్స్ ఆంటీని చుట్టుముట్టారు.

"ఏ వీసా మీద వచ్చింది ఆంటీ? డిటెన్షన్ సెంటర్‌లో పెట్టారా? నాకు మంచి అటార్నీ తెలుసు."

"వీసా ఏంటయ్యా! అది తిమింగలం."

అందరం పడీ పడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "తప్పు చేసినోడికైనా జైలు నుంచి వదిలే తారీఖు ఉంటుంది. దీనికేదీ?" అన్నారు.

మళ్ళీ ఏడు ట్రిప్ అక్కడికి వద్దని పాస్టర్ గారిని బతిమాలారు. "పిల్లలు ఆశపడుతున్నారమ్మా," అన్నారాయన. మరుసటి ఏడు ఆంటీ మళ్ళీ మాతో వచ్చింది మెర్సీని ఎప్పుడు వదులుతారో అడగడానికే. చేపల బకెట్ పట్టుకున్న అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది: అది ఇక్కడే పుట్టింది, వేటాడటం రాదు, సముద్రంలో వదిలితే చచ్చిపోతుంది. నేను తెలుగులో చెప్పాను. తిరుగు ప్రయాణంలో ఆంటీ అన్నారు:

"తలుపు తీసినా పోవడానికి చోటు లేకుండా చేశాం కదా బాబూ."

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం లేచేవారు. విడుదల అనేవారు కాదు. "మెర్సీ," అని మాత్రం చెప్పి కూర్చునేవారు. ఆవిడ దగ్గర మిగిలింది ఆ పేరొక్కటే.

సమాధి కార్యక్రమంలో పాస్టర్ గారు, "మన సహోదరికి బాధల నుంచి విడుదల దొరికింది," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు మెర్సీ గుర్తొచ్చింది. మెర్సీకి కూడా ఇక మిగిలింది ఆ విడుదలే.

నిన్న ఆదివారం ప్రార్థన మనవులు అడిగారు. ఒకరికి వీసా, ఒకరికి ఉద్యోగం, ఒకరికి మోకాలి ఆపరేషన్. ఆంటీ కుర్చీ ఖాళీగా ఉంది. నేను లేచి, "మెర్సీ," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏమని అడగాలో తెలియక కూర్చున్నాను. ఆ వేళకి మెరైన్ పార్కులో మొదటి షో మొదలై ఉంటుంది.